మూడు బీకర్లూ గులాబీ రంగే

ఇవాళ ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలు. ఆ ఉదయం సైన్స్ టీచరు కోరుకున్నది అదొక్కటే. రోజూ రెండు బస్సులు మారి బడికి చేరేసరికే ఆవిడకు సగం ప్రాణం పోతుంది. ఇంటి వీధి చివరే ఇంకో బడి ఉంది. అక్కడికి బదిలీ కోసం అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయింది. ఆ బదిలీ చేయవలసిన అధికారే ఇవాళ తనిఖీకి వస్తున్నాడు. పాఠం బాగుందనిపించుకుంటే పని అయిపోయినట్టేనని ధైర్యం చెప్పి భర్త బస్సెక్కించాడు.

అందుకే అన్నిటికన్నా తేలికైన పాఠం ఎంచుకుంది. ఒక బీకరులో ఆమ్లం, ఒకదాంట్లో క్షారం, ఇంకోదాంట్లో ఉప్పునీళ్లు. మూడింట్లోనూ ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తే క్షారం ఒక్కటే గులాబీ రంగుకు తిరుగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, అధికారి టీ తాగి వెళ్లిపోతాడు. ఇందులో చెడిపోవడానికి ఏముంది?

ల్యాబ్ అటెండరు ఉన్నాడు. పాపం, మంచివాడే, అదే వచ్చిన చిక్కు. తనిఖీ అనగానే పెందలాడే వచ్చి గాజు సామానంతా బట్టల సోడాతో తోమాడు. మళ్లీ నీళ్లు పోస్తే మెరుపు పోతుందని అలాగే ఆరబెట్టాడు. ఆ సోడా కూడా క్షారమేనని అతనికేం తెలుసు? అది చాలదన్నట్టు, అధికారి మీద ఆమ్లం చిందితే తన కొంప మునుగుతుందని హెడ్‌మాస్టరు హడలిపోయి, అందులో నీళ్లు కలపమన్నాడు. కలిపాక ఇంకాస్త అన్నాడు. ఆ తర్వాత మరికాస్త అన్నాడు. చివరికి సీసాలో ఆమ్లం పేరుకే మిగిలింది. టీచరుకు మాత్రం ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

అధికారి ఛాతీ రుద్దుకుంటూ, త్రేన్చుతూ వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. టీచరు చుక్కలు వేసింది. మూడు బీకర్లూ గులాబీ రంగుకు తిరిగాయి.

"ఇందులో ఆమ్లం ఏదమ్మా?" అని అధికారి ఒక అమ్మాయిని అడిగాడు. ఏ సీసాలోంచి ఎందులో పోశారో చూసింది కాబట్టి ఆ పిల్ల సరిగ్గానే చూపించింది. ఆమ్లానికి రంగు రాదని పుస్తకంలో ఉందే అని ఆయన నసిగాడు.

హెడ్‌మాస్టరు అటెండరుకు కళ్లతో సైగ చేశాడు. ఆ రంగు పోవాలని అటెండరుకు అర్థమైంది. బీకర్లను బీరువా చాటుకు పట్టుకెళ్లి, చిక్కటి ఆమ్లం సీసా దించి మూడింట్లోనూ ధారాళంగా పోశాడు. తిరిగొచ్చేసరికి మూడూ మంచినీళ్లలా ఉన్నాయి. ఇప్పుడు ఎన్ని చుక్కలు వేసినా రంగు రాలేదు.

"మరి క్షారం ఏదమ్మా?"

ఆ అమ్మాయి టీచరు వంక చూసింది. టీచరు అటెండరు వంక చూసింది. అతను తృప్తిగా నవ్వాడు.

కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆవిడకు లేదు. ఇక రిటైరయ్యేదాకా ఆ రెండు బస్సులే అనుకుంది. అంతలో అధికారి జేబులోంచి మాత్రల అట్ట తీసి, మిగిలిన ఒక్క మాత్రా నోట్లో వేసుకోబోయాడు.

"సార్, ఆ మాత్ర కాస్త ఇలా ఇస్తారా?"

ఆయన బిత్తరపోయి ఇచ్చేశాడు. ఆవిడ బీకర్లోంచి నాలుగు చుక్కలు పరీక్షనాళికలోకి తీసి, తను తాగే సీసాలోని మంచినీళ్లు కలిపి, మాత్రను పొడి చేసి వేసి ఊపింది. నెమ్మదిగా గులాబీ రంగు వచ్చింది.

"ఇది సారుగారి కడుపనుకోండి. మంట పెట్టేది ఆమ్లం. మాత్రలో ఉన్నది క్షారం. రెండూ కలిసి లవణం, నీళ్లు అయిపోయాయి. మిగిలిన క్షారం వల్ల ఈ రంగు వచ్చింది."

పిల్లలు పకపకా నవ్వారు. వాళ్లతో పాటు అధికారీ నవ్వాడు. ఇన్నేళ్లుగా ఈ మాత్రలు మింగుతున్నా, ఏం మింగుతున్నదీ ఇవాళే తెలిసిందన్నాడు. టీచరుకు ప్రాణం లేచొచ్చింది. ఇంటి వీధి చివరి బడి కళ్ల ముందు మెదిలింది.

ఆయన హెడ్‌మాస్టరు వైపు తిరిగాడు. "ఇలాంటి టీచర్ని ఎవరైనా వదులుకుంటారా? ఈవిడ బదిలీ అర్జీ నా దగ్గరే ఉంది. కొట్టేస్తున్నాను, మీరు నిశ్చింతగా ఉండండి."

హెడ్‌మాస్టరు మురిసిపోయాడు. ఇదంతా తన చలవేనన్నట్టు అటెండరు బీకర్లు సర్దుతున్నాడు. టీచరుకు ఛాతీలో సన్నగా మంట మొదలైంది.

ఉన్న ఒక్క మాత్రా పరీక్షనాళికలో కరిగిపోయింది.