గడగడ తీసిన గూడ్సు ఫోటోలు

ఆ రోజు పొద్దున్న గడగడ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆగిపోయిన గూడ్సు బళ్ల ఫోటోలు నాలుగు తీసి రైల్వే యార్డు మాస్టరుకు చూపించాలి, మళ్లీ తన కుర్చీలో ముడుచుకుని కూర్చోవాలి. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ టెలిఫోను మోగినా ఉలిక్కిపడే మనిషిని ఆ పేరుతో పిలవబుద్ధి కాక, యార్డు ఆఫీసులో అందరూ గడగడ అనే అంటారు. పాపం, అతనూ పలుకుతాడు.

"ఈ నెలలోనే ఉద్యోగం ఖాయం చేస్తారటగా! ఎదురు మాట్లాడకుండా చెప్పింది చెయ్యి తమ్ముడూ," అని వాళ్లక్క గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. బావ పోయిన దగ్గర్నుంచీ అక్కా, ఆవిడ ఇద్దరు పిల్లలూ అతని జీతం మీదే బతుకుతున్నారు.

వారం రోజులుగా యార్డు కిక్కిరిసిపోయి, వచ్చిన బండి వచ్చినట్టే నిలబడిపోతోంది. ఇంకో లైను వేయించండి మహాప్రభో అని యార్డు మాస్టరు మొత్తుకుంటే, "మీ బద్ధకానికి మళ్లీ లైనొకటా?" అన్నారట హెడ్డాఫీసు వాళ్లు. నిజమేమిటో తేల్చడానికి ఇవాళ ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది. ఖర్మ కాకపోతే, ఆవిడ వచ్చే రోజునే దారి దొరికి బళ్లు కదలడం మొదలెట్టాయి.

"అవి వెళ్లిపోకముందే ఫోటోలు తియ్యి," అని ఉరిమాడు యార్డు మాస్టరు. "ఇంజను నంబరు పడాలి, వెనకాల పెట్టెలన్నీ పడాలి. బళ్లు వెళ్లిపోయాయో, వాటి వెనకే నీ ఉద్యోగమూ వెళ్తుంది!"

గడగడ బయటికి పరిగెత్తబోతుంటే బళ్లకు పట్టాలు మార్చే ముసలి పాయింట్స్‌మన్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "పట్టాల మధ్యకి ఉత్త చొక్కాతో పోతావా బాబూ? ఏ ఇంజనన్నా గుద్దేస్తే? ఇదిగో, నా కోటేసుకో." నారింజరంగు కోటు. గుద్దేస్తే అన్న మాట చెవిన పడగానే గడగడ దాన్ని మెడదాకా గుండీలు పెట్టేసుకున్నాడు.

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. యార్డులో ఆ కోటు వేసుకున్న మనిషి రెండు చేతులూ తలపైకి ఎత్తాడంటే, ముందు ప్రమాదముంది, ఆపమని అర్థం. ఆగిన బండి, మళ్లీ ఆ కోటు మనిషే వచ్చి పచ్చజెండా ఊపేదాకా అంగుళం కదలకూడదు. పట్టాల మీద పనిచేసేవాళ్లకు ఇది ఉగ్గుపాలతో అబ్బిన విద్య. మనవాడు పనిచేసేది కుర్చీలో.

మొదటి గూడ్సు ఖనిజంతో అప్పుడే కదులుతోంది. గడగడ పొట్టివాడు. పెట్టెలన్నీ పడాలంటే ఫోను రెండు చేతులతో తలపైకి ఎత్తక తప్పలేదు. కీచుమంటూ బండి ఆగిపోయింది. 'దేవుడు నా మొర విన్నాడు,' అనుకుని ఫోటో తీసి పక్క లైనుకు పరిగెత్తాడు. అక్కడ సిమెంటు బండి. చేతులెత్తాడు, ఆగింది. ఆ పక్కన బొగ్గు బండి, అదీ ఆగింది. వాటి వెనక వస్తున్నవి ఒకదాని తోకన ఒకటి నిలిచిపోయాయి.

ఆయిలు ట్యాంకర్ల బండి దగ్గర మాత్రం డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమైందయ్యా?" అని గట్టిగా అరిచాడు. ఫోటో తీసినందుకు తిడుతున్నాడనుకున్నాడు గడగడ. "ఏం లేదండీ! ఏం లేదు!" అంటూ రెండు చేతులూ పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. ఇంజను రొదలో మాట వినపడలేదు, చేతులు కనపడ్డాయి. చేతులెత్తితే ఆపమని, ఊపితే కొంప మునిగిందని. డ్రైవరు వైర్‌లెస్‌లో నాలుగు మాటలు అరిచి కిందికి దూకేశాడు. మరుక్షణం సైరను మోగింది.

సైరను వినగానే గడగడకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆఫీసు వైపు లంఘించుకున్నాడు. ఆయిలు ట్యాంకర్ల పక్కనుంచి నారింజ కోటు పరిగెడుతుంటే, నిలబడి కారణం అడిగే మొనగాడెవడు? కూలీలు, డ్రైవర్లు, గార్డులు, అందరూ అతని వెనకే పరుగు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, "అయ్యబాబోయ్, నన్ను కొట్టడానికే వస్తున్నారు!" అని మరింత వేగం పెంచాడు. కోటు మనిషే అంతలా పరిగెత్తడం చూసి వాళ్లూ పెంచి, ఆఫీసు దాటి గేటు బయటికే పోయారు.

ఆఫీసులో అప్పుడే వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. బయట ఏ లైను చూసినా కదలని గూడ్సే. గడగడ ఆయాసంతో ఆవిడ ముందే కూలబడి, ఫోను అందించాడు. అతని ఒంటి మీద కోటు చూడగానే యార్డు మాస్టరుకు సంగతంతా అర్థమై ముఖాన నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"మేడమ్, అన్నీ నా వల్లే ఆగాయి!" అని గడగడ బావురుమన్నాడు. "తెలీక చేశాను. ఉద్యోగం తీసెయ్యకండి. అక్కా, పిల్లలూ వీధిన పడతారు!"

ఆవిడ ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది. తర్వాత యార్డు మాస్టరు వైపు తిరిగింది.

"ఇన్ని గూడ్సులు ఒక్క మనిషి ఆపగలడా? మీరు లైను లేక చచ్చిపోతూ, తప్పంతా ఈ అమాయకుడి నెత్తిన రుద్దారన్నమాట! ఎంత భయపెట్టి ఉంటే ఇలా ఏడుస్తాడు? ఏమండీ, ఇతని వల్ల ఆగాయా ఇవి?"

జీవితంలో మొదటిసారి యార్డు మాస్టరు గొంతు వణికింది. "అబ్బే, ఇతనేం చేస్తాడండీ! రద్దీ... అంతా రద్దీయే."

"మరి ఇతని ఉద్యోగం సంగతి?"

"ఖాయమేనండీ. ఇవాళ్టినుంచే!"

లైను మంజూరు చేయిస్తానని చెప్పి ఆవిడ కారెక్కగానే, యార్డు మాస్టరు గడగడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబూ, నీకు పుణ్యముంటుంది. వెళ్లి ఆ పచ్చజెండా ఊపు. ఈ సంగతి మాత్రం మూడో చెవిన పడనివ్వకు," అన్నాడు. ఆ చేతుల్లో ఎవరివి ఎక్కువ వణికాయో చెప్పడం కష్టం.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. గడగడను రద్దీ నివారణ విభాగంలో వేశారు.