రాహుకాలానికి ముందే తీసిపెట్టిన టోకెన్లు

ఆ సోమవారం పొద్దున ఆంజనేయప్ప పెట్టుకున్న పని ఒక్కటే. చింతామణి మార్కెట్లో టమాటా మొదటి వేలం తేలగానే ఆ ధర గూళూరు, మిట్టేమరి, చాకవేలు రైతుల ఫోన్లకు మెసేజిగా పోవాలి. రైతులు ధర చూసుకుని, కోసిపెట్టిన కాయను టెంపోలకెక్కించి ఆయన కమీషను మండీలోనే దించాలి. మెసేజి పోకపోతే చాకవేలు వాళ్ళు ఎంచక్కా మదనపల్లి దారి పడతారు. మిగిలినవాళ్ళు పక్క మండీ రామచంద్రప్ప దగ్గర దించుతారు. "సోమవారం నుంచి ధర మీ జేబులోకే వస్తాది, చూస్తా ఉండండి" అని ఊరూరా తిరిగి చెప్పి వచ్చినవాడు ఆంజనేయప్పే. ఇప్పుడు మాట పోతే మనిషే పోయినట్టు.

ఏర్పాటంతా చేసింది ఆయన అక్క కొడుకు లోకేశ్. ఇది రెండువేల తొమ్మిది నాటి మాట, అప్పట్లో అతను చిక్కబళ్ళాపురంలో కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసేవాడు. మండీ లోపలి గదిలో, ఖాళీ బాక్సుల మధ్య, ఒక కంప్యూటరును సర్వరుగా నిలబెట్టాడు. మెసేజిలు పంపేది మాత్రం బెంగళూరు కంపెనీ. మన సర్వరు పేరూ పాస్‌వర్డూ చెప్పి అడిగితే, కంపెనీ సర్వరు ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ చూపించిన వాళ్ళ మెసేజిలే తీసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, లైను తెగినా మెసేజిలు పాడవకుండా లోకేశ్ ఇంకో జాగ్రత్త కూడా చేశాడు. పోని మెసేజి వరుసలో నిలబడి ఉంటుంది. దారి దొరకగానే ఒక్కటీ మిగలకుండా పోతుంది.

ఏడు దాటగానే కంప్యూటరుకు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆంజనేయప్ప కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ టోకెన్ ఎప్పుడు తీసుకుంటాది రా లోకేశా?"

"పంపేటప్పుడు అదే తీసుకుంటాది మామా. మనం చేసేదేమీ లేదు."

"ధర తేలేది ఎనిమిదిన్నరకి. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. నిన్ను చదివించింది రాహుకాలంలో బోణీ చేసేదానికా?"

"అట్లయితే తొమ్మిది దాటినాక పంపుదాం. టోకెన్ కూడా అప్పుడే తీసుకుంటాది."

ఆంజనేయప్ప మేనల్లుడి వైపు జాలిగా చూశాడు. సోమవారం రాహుకాలం దాటగానే మార్కెట్ గేటు దగ్గర ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. అన్ని బండ్లూ ఒక్కసారే కదులుతాయి, గేటు టోకెన్ కోసం మనిషి మీద మనిషి పడతాడు. తెలివైన మండీవాళ్ళు తమ రైతుల బండ్లకు కావలసిన టోకెన్లు ఏడున్నరలోపే గుత్తగా తీసి జేబులో వేసుకుంటారు.

"తొమ్మిదికి ఊరంతా ఒకేసారి లేస్తాది. ఆ కంపెనీ వాకిట్లోనూ అంతే. ఇప్పుడే తీసిపెట్టు."

"అది గంటసేపే చెల్లేది మామా."

"గంటకా? మన గేటు కాడ పొద్దున ఇచ్చిన టోకెన్ పొద్దు గూకేదాకా చెల్లుతాది. ఇంత పెద్ద కంపెనీ గంటకే మాట మారుస్తాదా?"

"మాట మార్చేది కాదు. అది భద్రతకి."

"ఎవురి నుంచి భద్రత? మనం దొంగలమా?" ఆంజనేయప్ప గొంతు పెరిగింది. "సరే, ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది. ఐదు తీసిపెట్టు."

"కొత్తది తీస్తే పాతది చచ్చిపోతాది మామా."

"నువ్వు కొత్త చొక్కా కొనుక్కుంటే పెట్టెలో ఉండే పాత చొక్కా చినిగిపోతాదా?"

ఆ ఇంట్లో తిని పెరిగిన లోకేశ్‌కు ఈ ప్రశ్నకు జవాబు తెలిసినా చెప్పే ధైర్యం లేదు. పైగా చిక్కబళ్ళాపురం బస్సుకు వేళవుతోంది. ప్రోగ్రాము మార్చి, ఒకదాని తర్వాత ఒకటిగా ఐదు టోకెన్లు తీసి దాచాడు. పోతూ పోతూ మామ కూతురు నేత్రకు మెల్లగా చెప్పాడు. "తొమ్మిదికి వీటన్నిటినీ కొట్టేసి కొత్తది ఒకటి అడుగు. ఆయన్ని మాత్రం కీబోర్డు ముట్టనీకు."

నేత్ర బీకాం చదివి మండీ కంప్యూటరు చూసుకుంటోంది. తలూపింది. నాయన ఇంకో కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుంటాడని అప్పటికి ఆమెకు తెలియదు.

మొదటి వేలం బాగా పలికింది. కాయ తక్కువ వచ్చింది, కొనేవాళ్ళు ఎక్కువ వచ్చారు. రాహుకాలం ముగిసేదాకా ఆంజనేయప్ప గడియారం వైపు చూస్తూ, ఎవరినీ దగ్గనీయకుండా కూర్చున్నాడు. తొమ్మిది కాగానే నేత్ర ధర కొట్టింది.

"నాయనా, కొత్త టోకెన్ తీస్తా. పాతవి పనికిరావు."

"ఐదు ఉండాయి గదా. మంచి గడియలో తీసినవి పెట్టుకుని అప్పు అడిగినట్ల మళ్ళీ అడిగేదేంది? మొదటిది వెయ్యి."

వేసింది. చెల్లదని వచ్చింది.

"ఏమంట?"

"చెల్లదంట."

"రెండోది?"

రెండోదీ చెల్లదు. మూడు, నాలుగు, ఐదు అన్నీ అదే జవాబు. ఆంజనేయప్ప లేచి నిలబడ్డాడు.

"పొద్దున వాళ్ళ చేత్తోనే ఇచ్చినారు. మనం పేరు చెప్పి, పాస్‌వర్డ్ చెప్పి, మర్యాదగా అడిగి తీసుకున్నాం. ఇప్పుడు మొగం మీద కొట్టినట్ల చెల్లదంటే ఏమని అర్థం? నేను ఎవురికన్నా టోకెన్ ఇచ్చి బండి గేటు కాడికి వచ్చినాక కాదంటే ఊరుకుంటారా?"

నేత్ర ఫోను తీసుకుని బయటికి నడిచింది. లోకేశ్ ఎత్తేసరికి బస్సు హారను, కండక్టరు కేకలు కలిసి వినిపించాయి.

"ఐదూ వేసినాం. ఒక్కటీ చెల్లలేదు," అంది నేత్ర.

"చెల్లవని చెప్తినే. మామ యాడ ఉండాడు?"

"లోపల."

"కంప్యూటరు కాడనా?"

నేత్ర కిటికీలోంచి చూసింది. ఆంజనేయప్ప ఆమె కుర్చీలో కూర్చుని, చెవుడున్న మనిషి ఇంటి తలుపు బాదినట్టు ఒకే మీటను బాదుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ అదే ధర, అదే మెసేజి, రైతులందరి పేరా ఒక కట్ట, వరుసలో పోయి నిలబడుతోంది. ప్రతిసారీ చచ్చిపోయిన టోకెన్ ఒకటి కంపెనీ తలుపు తడుతోంది.

ఆమె పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చేసరికి తెరమీద కొత్త మాట ఉంది.

"నాయనా, మన ఎకౌంటుకి తాళం వేసినారు. చెల్లని టోకెన్లు మళ్ళీ మళ్ళీ చూపిస్తాండామని, ఎవురో దొంగలనుకున్నారు."

ఆంజనేయప్ప కుర్చీలోంచి లేచాడు. ఆయన తండ్రి కాలం నుంచీ ఆ మార్కెట్లో ఆ మాట ఆ ఇంటివాళ్ళను ఎవరూ అనలేదు.

"ఫోన్ చెయ్యి," అన్నాడు. "నేను మాట్లాడతా."

కంపెనీలో ఎత్తిన అమ్మాయి పేరు శృతి. కన్నడంలో మొదలుపెట్టి, ఆయన రెండు మాటలు వినగానే తెలుగులోకి మారింది. సిగ్నల్ సరిగ్గా అందక ఆంజనేయప్ప మండీ వాకిట్లోకి వచ్చి, వేలం పాడే గొంతుతో మాట్లాడాడు.

"మేము దొంగలమా అమ్మా?"

"కాదు సార్. టోకెన్ గంట మాత్రమే ఉంటుంది. మీ సర్వరు పాతవి పంపిస్తా ఉండాది. తాళం నేను తీయిస్తాను, కొత్త టోకెన్ తీసుకోండి."

"మేము తీసుకుంటాము, మీరు మళ్ళీ కాదంటారు. మేము ఎవురని మీకు నమ్మకం రావాల. అంతే గదా? చెప్తాండా, రాసుకో. మా పాస్‌వర్డ్..."

"సార్, పాస్‌వర్డ్ చెప్పకండి."

"నేను దాచుకునే మనిషిని కాదమ్మా," అని ఆంజనేయప్ప అక్షరం అక్షరం విడదీసి, అంకెలతో సహా పాడాడు. హమాలీలు బాక్సులు దించడం ఆపి విన్నారు. పక్క మండీ అరుగు మీద నుంచి రామచంద్రప్ప మెడ సాచాడు.

"ఆంజనేయప్పా, చివరి అంకె సరిగ్గా ఇనపడలే. ఏడా, ఎనిమిదా?"

"ఎనిమిది," అన్నాడు ఆంజనేయప్ప, అలవాటు కొద్దీ.

శృతి గొంతు తగ్గించింది. "సార్, అక్కడ ఇంకెవరన్నా ఉన్నారా?"

"మార్కెట్ అంతా ఉండాది."

"అయితే దాన్ని మార్చాలి సార్. మార్చినాకే తాళం తీస్తాం."

నిజం చెప్పినందుకు ఇంకో శిక్ష పడిందని ఆంజనేయప్పకు ఒళ్ళు మండిపోయింది. పాస్‌వర్డ్ మార్చే పని నేత్ర ఫోనులో లోకేశ్‌ను అడిగి అడిగి చేసింది. అతను బస్సు దిగి, రోడ్డు పక్కన నిలబడి చెప్పాడు. కంపెనీ ఒక పట్టాన ఒప్పుకోలేదు. నేత్ర కొత్త పాస్‌వర్డ్ నాయనకు చెప్పలేదు.

"నా మండీలో నాకు తెలీని పాస్‌వర్డా?"

"నీకు తెలిస్తే రామచంద్రప్ప మామకీ తెలుస్తాది నాయనా."

పదకొండు కావస్తుండగా తాళం తీశారు. నేత్ర కొత్త టోకెన్ అడిగింది. సర్వరుకు దొరికింది. దొరకగానే, వరుసలో పొద్దుటినుంచి నిలబడిన మెసేజిలన్నీ ఒక్కటీ మిగలకుండా బయలుదేరాయి. ఆమె ఆపేలోపు అంతా అయిపోయింది.

మొదటి ఫోను చాకవేలు ముత్యాలప్పది.

"ఏమప్పా ఆంజనేయప్పా, నా ఫోను జేబులో కోడిపిల్ల మాదిరి కూస్తానే ఉండాది. ఒగసారి చెప్తే చాలదా? వస్తాండాము. రేపటికని పెట్టుకున్న కాయ కూడా కోయిస్తాండా."

"రేపటిది రేపు తేవచ్చు గదప్పా."

"అన్నిసార్లు పిలిచినావంటే ఎంత అవసరమో మాకు అర్థం కాలేదా? గూళూరోళ్ళు అప్పుడే బయలుదేరినారు."

అంతే జరిగింది. మధ్యాహ్నానికి ఆంజనేయప్ప మండీ ముందు టెంపోలు రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. కోయాల్సినవాళ్ళూ కోశారు, కోయకూడనివాళ్ళూ కోశారు. మదనపల్లికి ఒక్క బండి పోలేదు. రామచంద్రప్ప అరుగు మీద ఒక్క బాక్సు దిగలేదు. అతను కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతూ, మొత్తం మార్కెట్లో అందరికంటే సంతోషంగా ఉన్నాడు. ఎందుకంటే అంత ఎర్రటి కుప్ప చూసిన కొనుగోలుదార్లు పొద్దుటి ధరలో సగం కూడా పలకడం లేదు.

ముత్యాలప్ప ఫోను ఎత్తి పట్టుకుని ముందుకు వచ్చాడు. వెనక ఇంకొన్ని చేతులు, ఇంకొన్ని ఫోన్లు లేచాయి.

"ఇది నీ మెసేజే గదా?"

"నాదే."

"దీంట్లో రాసిన ధర నువ్వు చెప్పిందే గదా?"

"నేను చెప్పిందే. అది ఎనిమిదిన్నర ధరప్పా."

"మాకు వచ్చింది పదకొండుకి."

"ఎప్పుడన్నా రానీ. అప్పటి ధర అప్పటికే. ఇప్పుడది చెల్లదు."

అనేసిన తర్వాత ఆంజనేయప్ప నోరు కొంచెం తెరుచుకునే ఉండిపోయింది. గడప దగ్గర నిలబడిన నేత్ర గోడవైపు తిరిగింది. నవ్వుతో ఆమె భుజాలు కదలడం ఆయనకు కనిపించింది.

"చెల్లదా?" ముత్యాలప్ప గొంతు లేచింది. "మేమేమన్నా ఇంట్లో కూచుని రాసుకున్నామా ఈ మెసేజి? మమ్మల్ని దొంగల మాదిరి వాకిట్లో నిలబెట్టి చెల్లదంటాండావు. నీ చేత్తో ఇచ్చి, నమ్మి బండి కట్టించి, ఇప్పుడు..."

ఆంజనేయప్పకు ఆ కోపంలో ఒక్క మాట కూడా తప్పు పట్టడానికి దొరకలేదు. పొద్దున తాను చేసిన వాదనే, తనకంటే బాగా చేస్తున్నాడు ముత్యాలప్ప. చివరికి ఆంజనేయప్ప ఆ రోజుకు తన కమీషను వద్దన్నాడు. రైతులు తిట్టుకుంటూనే దించారు. రేపు కూడా మెసేజి పంపమనే చెప్పి పోయారు, కానీ ఒక్కసారే పంపమన్నారు.

టెంపోలు ఖాళీ అయిపోయాక ఆంజనేయప్ప ఫోను తీసి బెంగళూరుకు కలిపాడు. శృతే ఎత్తింది.

"సార్, పాస్‌వర్డ్ మాత్రం చెప్పకండి."

"చెప్పనులే అమ్మా, నాకు తెలీదు. ఒగ మాట అడగాలని చేసినా. మేము పంపే మెసేజి ఉండాదే, అది రైతు ఫోనులో ఒగ గంట ఉండి, దానంతట అదే చచ్చిపోయేటట్ల చెయ్యొచ్చునా?"

"అలా వీలు కాదు సార్. ఒకసారి పోయిందంటే అది వాళ్ళ దగ్గర ఉండిపోతుంది."

ఇంత పెద్ద కంపెనీకి ఆ మాత్రం చేతకాదా అని ఆంజనేయప్ప ఆమెతో చాలాసేపు దెబ్బలాడాడు.