దీవెనమ్మ సాక్ష్యం

వచ్చే ఆదివారం చర్చిలో కూతురు దీవెనమ్మ చేత సాక్ష్యం చెప్పించాలని సమాధానం మాస్టారు ఒక ఉదయం నిశ్చయించుకున్నాడు. సాక్ష్యమంటే తాను దేవుణ్ణి ఎందుకు నమ్మిందో సంఘం ముందు నిలబడి చెప్పడం. హైదరాబాదు లాల్‌దర్వాజాలో ఆ గల్లీకంతటికీ ఒకే ఒక్క క్రైస్తవ కుటుంబం ఆయనది. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే చాలు, అన్నం చల్లారిపోతున్నా హేతువులు చెబుతూ కూర్చునేవాడు. కూతురు కూడా నాలుగు ముక్కలు గట్టిగా చెబితే తనకు సంఘపెద్ద పదవి ఖాయమని ఆయన ఆశ.

"ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్పాలె బిడ్డా. ఆయన చేసిందంతా అందరి ముందర విప్పాలె. భయపడకు," అని వాకిట్లో తర్ఫీదు మొదలుపెట్టాడు.

"ఎవరన్న ఎదురడిగితే, బాపు?"

"చూసింది చూసినట్టు చెప్పు. రుజువు చూపెట్టు. గంతే."

గోడ అవతల బర్రెకు గడ్డి వేస్తున్న ఆండాలు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమెకు తెలిసిన సాక్ష్యం నిజాం అదాలత్‌లో జడ్జి ముందు చెప్పే గవాహి ఒక్కటే. ఆ 'ఆయన' ఎవరో వేరే అడగనక్కరలేదు. పాలలో నీళ్లు పోస్తున్నావని మాస్టారు రోజూ తిట్టేది ఆమె మొగుడు మైసయ్యనే!

"మాస్టరు బిడ్డతోని గవాహి ఇప్పిస్తుండు. నీ పని ఖతం," అంది లోపలికి పరుగెత్తి.

"నీళ్లు పోయనోడెవడే ఈ షహర్ల?" అన్నాడు మైసయ్య. అన్నాడే గానీ మర్నాడు మీగడ కట్టే పాలు తెచ్చి, పైన కొసరు కూడా పోశాడు.

మాస్టారికి అనుమానం వచ్చింది. "ఏంది సంగతి? గింత చిక్కగున్నయి?"

"మీ దయ, మాస్టర్ సాబ్. బిడ్డకు జర చెప్పుండ్రి," అని మైసయ్య దండం పెట్టి పోయాడు.

బిడ్డకు ఏం చెప్పాలో మాస్టారికి తెలియలేదు. పాలలో ఏదైనా కలిపాడేమోనని ముందు పిల్లికి పోసి చూశాడు. పిల్లి క్షేమంగానే ఉంది. అనుమానం మాత్రం పెరిగింది.

ఈలోగా గవాహి కబురు గల్లీ అంతా పాకింది; ఎవరి గుట్టు వాళ్లకు గుర్తొచ్చింది. ఎప్పుడో అడిగి తీసుకుపోయిన ఇత్తడి బిందెను ఎదురింటి సత్తెమ్మ తోమి మరీ తెచ్చి ఇచ్చింది. పక్కింటి కృష్ణయ్య బుట్టెడు జామకాయలు, అవీ మాస్టారి చెట్టు నుంచి తెంపుకున్నవే, గుమ్మంలో పెట్టి పోయాడు. ఇంతమందీ ఒక్కసారిగా మంచివాళ్లు కావడం మాస్టారికి ఏమాత్రం నచ్చలేదు. దేనికైనా కారణం ఉండి తీరాలని వాదించే మనిషికి దీని కారణం అందలేదు.

ఆదివారం చర్చికి వెళ్తే గల్లీ గల్లీయే వచ్చి వెనక బెంచీల్లో కూర్చుని ఉంది. అప్పుడు దొరికింది కారణం. తన హేతువులు ఇన్నాళ్లకు ఫలించాయి! మాస్టారి కళ్లు చెమర్చాయి. మైసయ్య మొహం మాత్రం పాలిపోయి ఉంది.

దీవెనమ్మ లేచి నిలబడింది. ఇంతమందిని చూసేసరికి నేర్చుకున్నదంతా మరిచిపోయింది.

"దేవుడున్నాడని నీకెట్లా తెలుసమ్మా?" అని పాస్టరుగారు ఆదరంగా అడిగారు.

బాపు మాట గుర్తొచ్చింది. చూసింది చూసినట్టు.

"చుట్టాలొచ్చినప్పుడల్లా మా బాపు పాలల్ల చెంబెడు నీళ్లు పోస్తడు, అయ్యగారు. తలుపేసుకొని పోస్తడు. అర్రల ఎవ్వరుండరు. అయినా పోసే ముందుగాల పైకి చూస్తడు. కిటికీలకెళ్లి మస్తుసార్లు చూసిన. పైన ఎవ్వరు లేకుంటే గట్లెందుకు చూస్తడు?"

ఇంతకంటే గట్టి హేతువు తానెన్నడూ వినలేదని పాస్టరుగారు ఒప్పుకున్నారు. మాస్టారు సిగ్గుతో తల వంచుకున్నాడు. వెనక బెంచీలో మైసయ్య హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

సోమవారం పాలు ఎప్పటిలాగే పల్చగా వచ్చాయి. కారణం ఎవరూ అడగలేదు.