భాను మోసిన కబుర్లు

“ఈయేళ కూడా అవకపోతే ఏటి గతి?”

జ్యోతిరాణి ఈ మాట పైకే అంది. ఎవరితో అన్నదో చెప్పడం మాత్రం కష్టం. మొగుడు యోగేశ్ చీకటితోనే ఓడల డాక్‌లో డ్యూటీకి వెళ్ళిపోయాడు. అత్త నారాయణమ్మ గోడవైపు తిరిగి కత్తిపీట ముందు కూర్చుని దుంపలు తరుగుతోంది. ఆరు నెలలు నిండి, ఈమధ్యే అన్నం మొదలుపెట్టిన భాను, తన పొట్ట గురించి ఇంట్లో ఇంత ఆందోళన నడుస్తున్నా తనకేమీ పట్టనట్టు చాప అంచు చప్పరిస్తోంది.

ఆ రోజు పథకం చిన్నదే. నీళ్ళు పట్టుకురావాలి, పిల్లకి స్నానం చేయించాలి, కిస్‌మిస్ నానబెట్టిన నీళ్ళు పట్టాలి, సాయంత్రంలోగా అది దొడ్డికెళ్ళాలి. అదయితే యోగేశ్ ఇద్దరినీ గంగ ఒడ్డుకి తీసుకెళ్తానన్నాడు. ఏక్‌బాల్‌పూర్‌లో కాపురం పెట్టాక జ్యోతి చూసిన కలకత్తా అంతా వీధికుళాయి దగ్గర మొదలై కిరాణా కొట్టు దగ్గర ముగుస్తుంది. కానీ ఆమెకి గంగ కన్నా ముఖ్యమైనది వేరే ఉంది. ఆమె అన్న మాటకి ఎవరో ఒకరు “అవుతాదిలే” అనాలి. అంతే. ఆ ఒక్క మాట లేక, పేగు మెలిపడిందేమో, ఆపరేషనంటారేమో, మత్తు ఎక్కువైతే ఎలాగో అని పొద్దెక్కేసరికే ఆమె మనసు ఆసుపత్రి వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది.

నారాయణమ్మ కాస్త మెడ తిప్పి భానుని చూసింది. “ఓ గుంటా, మీయమ్మకి సెప్పు. కుళాయి ఒచ్చే ఏళయింది.”

“ఎల్తన్నానని సెప్పు బుజ్జీ” అంది జ్యోతి.

ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. దీనికి కారణం కింద వాటాలో ఉండే బెంగాలీ పెద్దావిడ మీనతి మాసి మనవడి ముఖే భాత్. అంటే మన అన్నప్రాశనే. ఆ రోజు విస్తరి ముందు కూర్చున్న నారాయణమ్మ, పాయసంలో వేలు ముంచి మురిపెంగా భాను పెదవికి రాయబోయింది. ఫోనులో అలర్జీల వీడియోలు చూసి చూసి హడలిపోయి ఉన్న జ్యోతి పిల్లని లాక్కుంది. అందరి ముందూ మూతి కడిగింది. “జీడిపప్పుంది దాన్లో. పడక, నా బిడ్డకేటైనా అయితే ఎవులు జవాబు సెప్తారు?” అంది. నారాయణమ్మ విస్తరి మడిచి లేచి వచ్చేసింది. అప్పటినుంచి కోడలితో ఒక్క మాట లేదు. ఒకే గది, ఒకే పొయ్యి, ఒకే తలుపు. మాట్లాడకుండా బతకడం కుదరదు కాబట్టి కబుర్లన్నీ భాను చేతికి వచ్చాయి. పిల్ల మేలుకుని ఉన్నంతసేపూ టపా నడిచేది. పిల్ల నిద్రపోతే టపా బంద్. ఈ నియమం ఎవరూ పెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఎప్పటిలాగే నవ్వుకుంటున్నారు. జ్యోతికి వచ్చిన బెంగాలీ కూరగాయల బేరం దగ్గరే ఆగిపోయింది. వాళ్ళు నవ్వినప్పుడు తానూ కొంచెం నవ్వి, బిందె నిండగానే వచ్చేసింది.

వచ్చేసరికి భాను నిద్రపోతోంది. దాని మూతి చుట్టూ ఎర్రగా ఉంది.

జ్యోతి బిందె దించేసి చాప దగ్గరికి పరుగెత్తింది. సరిగ్గా ఇదే ఫోనులో చెప్పారు. పడని తిండి పెడితే ముందు మూతి చుట్టూ ఎర్రబడుతుందని, ఆ తరవాత వాపని, ఆ తరవాత ఊపిరని. ఆ తరవాతది వినలేక ఆమె వీడియో కట్టేసింది కానీ, మిగతాది సొంతంగా ఊహించుకుంది. నిన్న పెట్టింది అరటిపండు. అయితే అరటిపండే. మొన్నటి ఉగ్గు కూడా కావచ్చు. బియ్యమే పడకపోతే శ్రీకాకుళం పిల్ల ఏం తిని బతుకుతుంది?

“పండు నీకు పడనేదా తల్లీ?” అని నిద్రపోతున్న పిల్లని అడిగింది.

తూము దగ్గర చేతులు కడుక్కుంటున్న నారాయణమ్మ చటుక్కున తిరిగింది. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. చాప మీద చూసింది. పిల్ల గాఢనిద్రలో ఉంది. నోరు మూసుకుంది.

జ్యోతి పలాసలో ఉన్న అమ్మకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. జీడి కర్మాగారంలో గింజ కొడుతున్నంతసేపూ అమ్మ చేతులు ఫోను ముట్టుకునేలా ఉండవు. యోగేశ్‌కి చేసింది. ఆ ఫోను డాక్‌లో ఇనప పెట్టెలో తాళం వెనక మోగి మోగి ఊరుకుంది. ఇక మాట్లాడ్డానికి కిటికీ మిగిలింది. కిటికీ అవతల పక్కింటి గోడ ఉంది.

భాను లేస్తూనే ఏడుపు లంకించుకుంది. ముక్కుతోంది, ఎర్రగా కందిపోతోంది, ఏమీ రావడం లేదు. జ్యోతి కిస్‌మిస్ నీళ్ళు పట్టింది. చాలలేదేమోనని బొప్పాయి పిసికి పెట్టింది. ఏడుపు విని మీనతి మాసి మారేడు పండు గుజ్జు గిన్నెతో పైకి వచ్చి, జ్యోతి ‘వద్దు’కి బెంగాలీ వెతుక్కునేలోపు ఒక చెంచా పెట్టేసి, పని చేస్తుంది చూసుకో అన్నట్టు పొట్ట నిమిరి వెళ్ళిపోయింది.

పని చేసింది. భాను కట్టుబట్ట నిండి, చాప తడిసి, చాప పక్కన ఆరేసిన యోగేశ్ డ్యూటీ ప్యాంటు దాకా వెళ్ళింది. ఇన్నాళ్ళ బాకీ ఒక్కసారిగా తీర్చేసి పిల్ల హాయిగా నవ్వింది. జ్యోతి కూడా నవ్వబోయి బట్ట విప్పి చూసింది.

ఎరుపు. మామూలు ఎరుపు కాదు, మందారం ఎరుపు.

“నెత్తురు” అంది జ్యోతి. “నా బిడ్డకి నెత్తురు పడతంది.”

నారాయణమ్మ వచ్చి వంగి చూసింది. చూసి, గోడ పట్టుకుంది. ఆమె మొహంలో చుక్క రక్తం లేదు. పెదవులు కదిలాయి. కానీ అప్పటికే జ్యోతి పిల్లని తువ్వాల్లో చుట్టి, ఆ బట్టని ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, యోగేశ్ ఫోనుకి “భానుకి నెత్తురు, బేగి రా, భవానీపూర్ పిల్లల డాక్టరు కాడికి ఎల్తన్నాను” అని మాట రికార్డు చేసి పంపుతూ మెట్లు దిగిపోతోంది. అత్త కబురు ఏదైనా ఉన్నా, మోసే మనిషి మెట్ల మీద నుంచి వెళ్ళిపోయింది.

టాక్సీ కదలబోతుండగా రెండో తలుపు తెరుచుకుంది. నారాయణమ్మ ఎక్కి కూర్చుంది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కొడుకు చెప్పు. దారంతా ఆమె కిటికీ బయటికే చూసింది. పిల్లకి పడదని తను అన్న మాటే నిజమైందని అత్తకి కోపమేమో అనుకుంది జ్యోతి. ఇంత దగ్గరగా కూర్చుని ఇంత ఒంటరిగా తను ఎప్పుడూ లేదనిపించింది.

డాక్టరు పెద్దాయన. ముందు సంచిలోని బట్ట చూశాడు. దాన్ని కిటికీ వెలుగులోకి పట్టి తిప్పి తిప్పి చూశాడు. పిల్ల పొట్ట నొక్కాడు. భాను ఆయన పెన్ను లాక్కుంది. ఆయన బెంగాలీలో ఏదో అడిగాడు. జ్యోతికి అర్థం కాలేదు. ఏళ్ళుగా ఇక్కడే ఉండి, అది అర్థమైన మనిషి ఆమెతో మాట్లాడదు.

నారాయణమ్మ గొంతు సవరించుకుని భాను వైపు వంగింది. “ఓ గుంటా, డాక్టరుబాబు అడుగుతన్నాడు. పొద్దున్నించి ఏటేటి తిన్నావో మీయమ్మని సెప్పమను.”

“ఉగ్గు, కిస్‌మిస్ నీల్లు, బొప్పాయి. మాసి ఎట్టిన మారేడు పండు. నిన్న అరటిపండని సెప్పు బుజ్జీ.”

డాక్టరు కళ్ళజోడు పైనుంచి ఇద్దరినీ, మధ్యలో పిల్లనీ చూశాడు. నారాయణమ్మ బెంగాలీలో చెప్పింది విని, ఇంకేం పెట్టారన్నట్టు మళ్ళీ ఏదో అడిగాడు. ఈసారి నారాయణమ్మ తల దించుకుని భాను పాదం పట్టుకుని చాలాసేపు నిమిరింది.

“ఓ గుంటా, మీయమ్మకి సెప్పు. పొద్దున్న అది నీల్లకెల్లినపుడు మీ నాన్నమ్మ నీకు బీటుదుంప ఉడకేసి, మెత్తగా పిసికి ఎట్టింది. ఎడితే అవుతాదని మీనతి సెప్పింది. సెప్దామంటే నువ్వు తొంగున్నావు. ఆ దుంప నీ పేగులు కోసేస్తాదని మీ నాన్నమ్మకి తెల్దు. తెలిస్తే ఎట్టదు.”

జ్యోతి అత్త చేతులు చూసింది. గోళ్ళ సందుల్లో ఇంకా ఎరుపు ఉంది. భాను మూతి చుట్టూ ఉన్న ఎరుపే.

“ఇయ్యేళేనా, ఇంతకుముందూ ఎట్టిందా, అడుగు బుజ్జీ.”

“బీటు ఇయ్యేళే. ఉగ్గు అయితే రోజూ. మీయమ్మ నీల్లకెల్తే నువ్వు ఏడుస్తావు కదే. ఆకలేమోనని.”

జ్యోతి కుళాయి నుంచి వచ్చాక రోజూ పెట్టే ఉగ్గు గుర్తొచ్చింది. మొదటి చెంచాకే పిల్ల మూతి తిప్పుకునేది. తిండి పడక మూతి తిప్పుతోందని భయపడి, బలవంతాన ఇంకో గిన్నె కూరేది.

డాక్టరు ఇక ఆగలేక, పిల్ల జవాబు చెప్తుందేమోనని ఎదురు చూస్తున్నారా అని నారాయణమ్మని అడిగాడు. ఆమె ఆయనకి బెంగాలీలో మొత్తం చెప్పుకుంది. బీటు అన్న మాట వినగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెప్పిన జవాబు వింటుంటే నారాయణమ్మ మెడలో నరాలు ఒక్కొక్కటిగా సడలాయి.

“ఓ గుంటా, నెత్తురు కాదంట. బీటు రంగే అలా దిగిపోద్దంట. మూతికున్నదీ అదేనంట.” ఆ మాట అయ్యేసరికి ఆమె కొంగు కళ్ళ దగ్గరికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే తలుపు దడాలున తెరుచుకుంది. ముందు యోగేశ్, వెనక డాక్ మనుషులు, హెల్మెట్లతో, గ్రీజు చేతులతో, గుమ్మం పట్టనంతమంది. ఇనప పెట్టెలోంచి ఫోను తీసి కబురు విన్నవాడు విన్నట్టే వీళ్ళందర్నీ వెంటేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

“ఏ గ్రూపు నెత్తురు కావాలన్నా మా కాడ ఉంది డాక్టరుబాబూ” అన్నాడు యోగేశ్, ఆయాసంలో తెలుగులోనే. అతని పక్కన తోటి పనివాడు సోములు అప్పటికే చొక్కా చేయి భుజం దాకా మడిచి పిడికిలి బిగించి నిలబడ్డాడు.

ఇన్ని హెల్మెట్లు ఒక్కసారిగా చూసి బెదిరిపోయిన భాను, బాకీలో ఇంకా మిగిలిన కొంచెం కూడా డాక్టరు బల్ల మీదే చెల్లించేసింది. అదీ ఎర్రగానే ఉంది. సోములు పిడికిలి వదిలేసి తలుపు పట్టుకున్నాడు.

“బీటుదుంపరా” అంది నారాయణమ్మ కొడుకుతో. “మీ నెత్తురు మీరే ఉంచుకోండి.”

సోములు నెమ్మదిగా తేరుకున్నాడు. “అవసరం నేదా? నెత్తురిచ్చినోలకి బిస్కట్లు, అరటిపండు ఇస్తారని తెచ్చుకున్న కూడు కూడా ఒదిలేసి ఒచ్చేను వదినా.”

“అరటిపండు మాట మా ఇంట్లో ఎత్తకు సోములన్నా” అంది జ్యోతి.

వాళ్ళంతా ఓడ దగ్గర పని ఆపి వచ్చారు. మేస్త్రీ ఊరుకోడు. యోగేశ్ పిల్ల నుదురు ముద్దు పెట్టుకుని, గంగ సంగతి ఇంకో రోజు చూద్దామని జ్యోతి చెవిలో చెప్పి, రక్తదాతలందర్నీ వెంటబెట్టుకుని తిరిగి వెళ్ళిపోయాడు.

బల్ల కడిగించాక డాక్టరు నారాయణమ్మకి చాలాసేపు చెప్పాడు. వేలితో ఒకసారి ఆమెని, ఒకసారి జ్యోతిని చూపించాడు. రెండు చేతులూ దగ్గరికి తెచ్చాడు. నారాయణమ్మ బుద్ధిగా తలూపింది. జ్యోతి తన వంతు కోసం ఎదురు చూసింది. నారాయణమ్మ భాను వైపు వంగింది. భాను తల్లి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. టపా బంద్.

తిరుగు టాక్సీ ఖిదిర్‌పూర్ కూడలిలో ఇరుక్కుపోయింది. ముందు లారీలు, వెనక బస్సులు. ఉక్కపోత. పిల్ల నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. డాక్టరు ఏం చెప్పాడో తెలీదు. పడనివి ఇంకేమున్నాయో తెలీదు. రేపు మళ్ళీ గట్టిపడితే ఏం చేయాలో తెలీదు. తెలిసిన మనిషి పక్కనే ఉంది. ఆమె ఒళ్ళో రెండు చేతులూ ఒకదానిలో ఒకటి దాచుకుని ఉన్నాయి, గోళ్ళు కనబడకుండా.

“డాక్టరు ఏటన్నాడత్తా?” అంది జ్యోతి. “రేపు మళ్ళీ అవకపోతే ఏటి గతి?”

అన్నాక తెలిసింది, ఆ మాటని తను పిల్లతో అనలేదని.

లారీ ఒకటి కాస్త కదిలి ఆగింది. టాక్సీవాడు ఇంజను ఆపేశాడు. పక్క బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లన్నీ అరిచి, కొత్తవాళ్ళెవరూ ఎక్కకపోయేసరికి అరవడం మానేశాడు. నారాయణమ్మ నిద్రపోతున్న భానుని చూసింది. దాని అరికాలి మీద వేలితో మెల్లగా రాసింది. లేవలేదు. లారీ మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. ఇక జవాబు రాదని జ్యోతి కిటికీ వైపు తిరిగిపోయింది.

“అవుతాదిలే” అంది నారాయణమ్మ.

జ్యోతి కదల్లేదు. కదిలితే ఆ మాట చెదిరిపోతుందేమో అన్నట్టు కూర్చుంది.

“గుంట ఇద్దరి సేతి తిండి తింటంది, అందుకే గట్టిపడిపోయిందన్నాడు. ఉగ్గు పొద్దున్న ఒక్కపాలే ఎట్టాలంట. మద్దెమద్దెన గుక్కెడు నీల్లు పట్టాలంట. కొత్తది ఏదెట్టినా ఒకోటే ఎట్టి, రెండు మూడు రోజులు సూడమన్నాడు. అప్పుడే ఏది పడతాదో, ఏది పడదో తెలుస్తాదంట.” ఆమె కొంచెం ఆగింది. “ఎవులెట్టినా రెండోవోలికి సెప్పి ఎట్టమన్నాడు.”

“జీడిపప్పు?”

“అదీ అడిగేను. పొడి సేసి, ఉగ్గులో కలిపి, సిటికెడుతో మొదలెట్టమన్నాడు. నువ్వే ఎట్టు. నాను పక్కన కూకుని సూత్తాను. ఏటైనా అయితే, జవాబు సెప్పడానికి ఇద్దరం ఉంటాం కదా.”

టాక్సీ కదిలింది. ఆ కుదుపుకి భాను కళ్ళు తెరిచి, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్న ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. టపా ఉద్యోగం పోయిన సంగతి ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.