పనసాకుల నేరం

ఆ ఆదివారం పొద్దున తర్సినీ అమ్మగారు చెప్పదలచుకున్నది ఒకే ఒక వాక్యం: మన మురుగు కాలువ కంపుకు కారణం, సోయాపాలు విరిచి టోఫు చేసే సుకిర్మాన్ షెడ్డు వదిలే విరుగుడు నీళ్ళు. స్నానం చేస్తూ రెండుసార్లు, జుట్టు ముడి వేసుకుంటూ మూడోసారి దాన్ని వల్లించుకున్నారు. ఇండోనేషియాలోని సోలో నగరంలో ముప్పై ఇళ్ళున్న ఆ సందు, పరిశుభ్రత పోటీ కోసం ఒక పర్యావరణ సమస్యను ఎంచుకుని, ఆ పూటే శ్రమదానం మొదలుపెట్టాలి. ఎంపిక ఏకాభిప్రాయంతోనే జరగాలి. చేతులెత్తించి లెక్కపెట్టడం అక్కడ మోటుతనం.

చిక్కేమిటంటే, సందుకు పెద్ద సుకిర్మానే. సమావేశం అతని వాకిట్లోనే. అందరి నోళ్ళలోనూ అతని భార్య వేయించి పెట్టిన టోఫు ముక్కలే. తర్సినీ ఒక్కరే పళ్ళెం ముట్టలేదు.

సుకిర్మాన్ ఒక్కొక్కరినీ వినయంగా అడిగాడు. అందరూ ఏమంటే తామూ అదేనని ఒక్కొక్కరూ అంతకన్నా వినయంగా చెప్పారు. దాంతో అందరూ అన్నదేమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. మాజీ బడిపంతులు ముల్యోనో ఎవరినీ నొప్పించని సమస్య కోసం ఆకాశంవైపు చూశాడు. అక్కడొక పనస కొమ్మ కనబడింది.

"ఆకులు," అన్నాడు.

వాకిలంతా ఊపిరి పీల్చుకుంది. ఆకులు రాలి కాలువ పూడుతోందని ఒకరు, కంపు అందుకేనని మరొకరు, అసలు చెట్టే లేకపోతే పీడా పోతుందని ఇంకొకరు. ఇరవై రెండేళ్ళ క్రితం తర్సినీ గింజ నాటి పెంచిన చెట్టు, టీ చల్లారేలోగా దోషిగా తేలింది. ఆమె నోరు విప్పేలోగా సందు కార్యదర్శి ఆమె మౌనాన్నీ అంగీకారంలో కలిపేసి, నోటుపుస్తకంలో 'ఏకగ్రీవం' అని రాసేశాడు.

రంపం వచ్చేసరికి తర్సినీ పేము కుర్చీని చెట్టు మొదలుకి ఆనించుకుని కూర్చున్నారు.

"కాస్త లేస్తారా అమ్మగారూ?"

"లేవను నాయనా. మీ రంపం మీరు ఆడించుకోండి. నా కుర్చీ మీకేం అడ్డం?"

పెద్దావిడ కూర్చుని ఉండగా ఆమె తలకన్నా ఎత్తున నిలబడటమే ఆ సందులో అమర్యాద. రంపం పట్టుకొచ్చిన నలుగురూ ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు. అలా కూర్చుని చెట్టు కొయ్యడం కుదరదు.

"కంపు ఆకులదేనంటారా?" అని అడిగారు తర్సినీ.

"అందరి మాటా అదే కదండీ," అన్నాడు సుకిర్మాన్ నేల చూస్తూ.

"అయితే కాలువ మీద బండలెత్తండి. ఒక్క ఆకు కనబడితే కుర్చీ నేనే తీస్తాను. కనబడేదాకా ఎత్తుతూనే పొండి."

మోకాళ్ళు పట్టేస్తుండటంతో వెంటనే ఒప్పుకున్నారు. మొదటి బండ కింద తెల్లటి చిక్కటి బురద ఉంది, ఆకు లేదు. ఆకులు ఇంకాస్త ఎగువన ఉంటాయని ముల్యోనో మర్యాదకు అన్నాడు. ఆ మర్యాదే పట్టుకుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, బండ తరవాత బండ ఎత్తుతూ సందంతా ఎగువకు కదిలింది. తర్సినీ కుర్చీ చంకన పెట్టుకుని వెనకే నడిచారు. ఇరవై ఎనిమిదో బండ సుకిర్మాన్ వాకిట్లో, టోఫు పళ్ళేల బల్ల కింద తేలింది. పళ్ళేలు జరిపి బండెత్తారు. షెడ్డు గొట్టంలోంచి గోరువెచ్చని తెల్లనీళ్ళు ధారగా పడుతున్నాయి.

ఆ గొట్టాన్ని చూడకుండా ఉండటానికి అందరూ చాలా కష్టపడ్డారు.

"ఆకులు ఇక్కడా లేవండీ," అన్నాడు ముల్యోనో, క్షమాపణ కోరుతున్నట్టు.

ఈసారి అభిప్రాయం అడిగే పెద్దరికం సుకిర్మాన్‌కు మిగల్లేదు.

"అందరూ ఏమంటే నేనూ అదే," అన్నాడు అతను నీరసంగా.

అందరూ తర్సినీవైపు తిరిగారు. ఆమె కుర్చీ వేసుకుని తీరిగ్గా కూర్చున్నారు. పొద్దుటి నుంచి దాచుకున్న వాక్యం ఇప్పుడు చెప్పవలసిన అవసరమే లేదు. పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి కొరికారు.

"ఇక్కడో ఇంకుడు గుంత తవ్వండి. టోఫు బాగుంది."

రాసినదాన్ని కొట్టివేయడం ముల్యోనోను నొప్పిస్తుంది గనుక, పనసాకుల సమస్యకు పరిష్కారంగా టోఫు షెడ్డు గొట్టం దగ్గర ఇంకుడు గుంత తవ్వుతున్నట్టు నోటుపుస్తకంలో ఏకగ్రీవంగా నమోదైంది.