ఇచ్చట మంత్రిగారి మాటలు టైపు చేయబడును

మంత్రి మాట గాలికి పోకూడదని మా మంత్రిగారు 1965లో కరీంనగర్ మీటింగులో ప్రకటించారు. ఇకమీదట తాము నోరు విప్పిన ప్రతిచోటా టేపు రికార్డరు తిరుగుతుందనీ, అందులోని ప్రతి మాటా టైపు చేసి ప్రజలకు పంచుతారనీ, ఆ పనిని ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని కుటీర పరిశ్రమగా చేసుకోవచ్చనీ సెలవిచ్చారు. నేను పత్రికా విలేఖరిని. ఇంత గొప్ప ఆలోచన ఢిల్లీలో కూడా ఎవరికీ రాలేదని రాశాను. వచ్చి ఉంటే నాకు తెలియదు.

మా పక్కింటి యేసుదాసు మాస్టారి భార్య దెబోరా మిషన్ స్కూల్లో టైపు నేర్చుకుంది. దరఖాస్తు పెట్టింది. కుటీర పరిశ్రమల ఆఫీసులో ఉన్న ఫారాలన్నీ చేనేత వాళ్లవే. మగ్గాలెన్ని, రోజుకు ఎన్ని గజాలు అని అందులో అడిగారు. మగ్గం ఒకటి, గజాలు మంత్రిగారి ఓపికను బట్టి అని నింపమని నేనే సలహా ఇచ్చాను. వారంలో మంజూరై టైపు మిషనూ, టేపు రికార్డరూ వచ్చాయి. ఇంకో వారానికి నూలు కూడా వచ్చింది.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే గుమ్మానికి రిబ్బను కట్టారు. పదింటికి రావాల్సిన మంత్రిగారు నాలుగింటికి వచ్చారు. అప్పటిదాకా ఇంటివాళ్లు పెరటి దారిన తిరిగారు.

మొదటి టేపు చెన్నూరు వైపు ఒక వాగు ఒడ్డున జరిగిన మీటింగుది. దెబోరా పుట్టిల్లు ఆ వాగుకు అవతలే. పోయిన వానాకాలం ఆమె వదినె సమ్మక్కకు నొప్పులొస్తే మంచం మీద ఒడ్డుదాకా మోసుకొచ్చారు. వాగు తగ్గలేదు. సమ్మక్క ఆ మంచం మీదే పోయింది. ఇప్పుడు చెల్లెలు రూతు కడుపుతో అక్కడే ఉంది. టేపులో మంత్రిగారు, "మల్ల వానలొచ్చేటాల్లకు గీ వాగు మీద బ్రిడ్జి కట్టిస్త" అన్నారు. దెబోరా ఆ ముక్కను వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నది. టైపు చేస్తూ ఏడ్చింది. నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను.

మంత్రిగారి పీఏ పర్శరాములు వచ్చి చదివాడు. బ్రిడ్జి సంగతి ఏ ఫైల్లోనూ లేదు, కొట్టెయ్యమన్నాడు.

"నేను అన్న మాట కాదు సార్. మంత్రిగారే అన్నరు. మిషిన్ల ఉన్నది," అన్నది దెబోరా.

"మిషిన్ గూడ సర్కారుదేనమ్మా."

"మా వదినె పానం సర్కారుది కాదు గద సార్."

గొడవ మంత్రిగారి దాకా పోయింది. ఆ మహానుభావుడు ఒక్క మాట కూడా తీయొద్దన్నారు. పైగా మూడు వందల నకళ్లు తీసి వాగుకు రెండు వైపులా పంచమన్నారు. దెబోరా వేళ్లు వాచేదాకా కొట్టింది. కాగితం మీద పడ్డాక ఇంకెవరు కాదంటారని ఆమె ధైర్యం. "వాగ్దానం లిఖితపూర్వకంగా అందజేయడమైనది, ఇక చర్య అవసరం లేదు" అని ఫైలు మీద మంత్రిగారు రాసిన సంగతి నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు.

వానలొచ్చాయి. ఇవతలి ఒడ్డున నకళ్లు పంచారు. అవతలి ఒడ్డువి నూటయాభై, వాగు దాటే దారి లేక జీపులోనే ఉండిపోయాయి. మంత్రిగారు దీనికీ ఉపాయం చెప్పారు. ఇవతల మైకు పెట్టి, అవతలికి టేపు వినిపించమన్నారు. పర్శరాముల వెంట నేనూ వెళ్లాను. బ్రిడ్జి కట్టిస్తానన్న మంత్రిగారి గొంతు వానలో వాగు దాటి బ్రహ్మాండంగా వెళ్లింది. అవతల జనం తడుస్తూ వచ్చి నిలబడ్డారు. చేతులూపి ఏవో కేకలు వేశారు. జనం ఖుషీగా ఉన్నారని పర్శరాములు నాకు చెప్పాడు. ఆ సభను కూడా ఇంకో రికార్డరులో పట్టుకొచ్చాం, నియమం నియమమే కదా.

మర్నాడు దెబోరా ఆ టేపు పెట్టుకుంది. మంత్రిగారి మాటలన్నీ చకచకా కొట్టింది. చివర్లో వాగు హోరు మధ్య ఒక గొంతు దగ్గర ఆగిపోయింది. అది ఆమె తండ్రిది. అదీ కొట్టింది.

"పడవ పంపుండ్రి. మా రూతు నొప్పులు పడుతున్నది."

ఇది ఎప్పటిదని అడిగింది. నిన్న పొద్దుటిదని చెప్పాను. చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తింది.

కాగితాల కోసం వచ్చిన పర్శరాములు, పని మధ్యలో వదిలి పోవడం పద్ధతి కాదని నొచ్చుకున్నాడు. టైపు మిషన్లోంచి కాగితం తీసి చదివాడు. ఆఖరి పంక్తి కొట్టేసి, దాని మీద గుండ్రటి అక్షరాలతో "హర్షధ్వానాలు" అని రాశాడు.

మా పత్రికకు నేను అలాగే పంపాను.