మిద్దె మీద దొర

డెబ్బై ఎనిమిదో సంవత్సరం మే నెలలో ఒక శనివారం. తిరుపతిలో రైల్వే గేటుకు అవతలి వీధిలో ఉండే మునిరత్నమ్మ చీకటితోనే లేచి, వత్తి ఉంచిన మినప అప్పడాలను మిద్దె మీద తెల్లపంచె పరిచి ఆరబెట్టింది. సాయంత్రానికి ఎండితే డబ్బాకెత్తి, మొగుడు శాంతయ్య చేత చిత్తూరులో అన్నగారింటికి పంపాలని ఆమె ఆలోచన. అన్నకొడుకు పెళ్ళి. "బజార్లో కొంటే పోలేదా, ఆమె చేసేదెప్పుడు, మనం తినేదెప్పుడు" అని వదిన అన్నదట. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి మునిరత్నమ్మ పళ్ళు కొరుకుతూనే అప్పడాల కర్ర తిప్పుతోంది.

కిందికి దిగి కాఫీ తాగి వచ్చేసరికి పంచె మీద అప్పడాలు లేవు. మిద్దె మీద పంచె కూడా లేదు. పిట్టగోడ మీద బారులు తీరిన కోతుల్లో పెద్దది ఆ పంచెను భుజాన వేసుకుని, పెళ్ళిపెద్దలాగా నములుతోంది. మునిరత్నమ్మ చేతికందిన చీపురు విసిరింది. అది కోతికి తగలకుండా పోయి పక్కింటి పంకజాక్షి తులసికోట మీద పడింది.

"ఏందక్కా, తులసమ్మ మీద చీపురేస్తావా?" అని పంకజాక్షి పెరట్లోకి వచ్చింది.

"నువ్వు శనివారం శనివారం గోడ మీద అరటిపండ్లు పెట్టబట్టే గదా ఇవి ఈడ కాపురం పెట్టినాయి. పండ్లు నీ గోడ మీద, నాశనం నా మిద్దె మీదనా?"

"ఆంజనేయస్వామక్కా అవి. స్వామి తింటే పుణ్యమే గదా."

"ఆ పుణ్యం నువ్వే పెట్టుకో. నా అప్పడాలు నాకియ్యి."

పంకజాక్షి ఇవ్వలేకపోయింది. మునిరత్నమ్మ చెప్పులేసుకుని అటవీశాఖ వాళ్ళ దగ్గరికి పోయింది. అక్కడ పని కాక, ఆ కోపం చల్లారకముందే వార్డు ఆఫీసుకు పోయింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసులు ఆమె చెప్పిందంతా కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నాడు.

"కుక్కలైతే చెప్పమ్మా, బండి పంపిస్తాం. కోతులు మా కిందికి రావు."

"మరి ఎవురి కిందికి వస్తాయి?"

"అటవీశాఖ వాళ్ళ కిందికి."

"వాళ్ళనడిగే వస్తా ఉండా. అడివి దాటి ఊర్లోకి వస్తే మావి గాదంటా ఉండారు."

"వాళ్ళు చెప్పిందీ న్యాయమే."

"అందరిదీ న్యాయమే. మరి నా అప్పడాలు తినిందెవురి కోతి సారూ?"

"నన్నేం చెయ్యమంటావు తల్లీ? మాకు ఆర్డరు లేదు. చిత్తూరు నుంచి పెద్ద దొర ఎవరైనా వచ్చి చెప్తే, అప్పుడు పడతాం" అని శ్రీనివాసులు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి ఇంట్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తూనే ఉన్నాయి. శాంతయ్య పేరుకు తగినవాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, దూరంగా నిలబడి చెప్పాడు.

"చంద్రగిరిలో గురప్పని ఒకాయన ఉండాడు మ్మే. కొండముచ్చును సాకుతా ఉండాడు. దాని మొగం సూస్తే కోతులు వీధి వదిలేసి పోతాయంట."

"ఇంకా ఈడ నిలబడుకోని ఉండావే?" అంది మునిరత్నమ్మ.

సోమవారం పొద్దున్నే గురప్ప కొండముచ్చును తెచ్చి, మిద్దె మీద శాంతయ్య మడతకుర్చీకి పొడుగుతాడుతో కట్టాడు. "పేరు దొర, అమ్మా. మర్యాదగా మాట్లాడాల. కోప్పడితే అలుగుతాడు. సాయంత్రం వచ్చి తోలుకపోతా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మునిరత్నమ్మ మిగిలిన పిండితో వత్తిన రెండో వాయి అప్పడాలను పరుస్తోంది. దొర ఒకదాని మీదికి చెయ్యి చాచాడు.

"చెయ్యి తియ్యి" అని ఆమె ఉరిమింది.

దొర చెయ్యి తీశాడు. పక్కన నిలబడ్డ శాంతయ్య కూడా తీశాడు. దొర అలగలేదు. బుద్ధిగా పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ నల్లమొహం చూడగానే పిట్టగోడ మీది కోతులన్నీ ఒక్క దూకున పంకజాక్షి ఇంట్లో పడ్డాయి. కాసేపటికి ఇడ్లీ గిన్నె పెరట్లో దొర్లింది.

"అక్కా, నా వంటిల్లు పాయె. ఏందక్కా ఈ పని?"

"స్వామి ఇడ్లీ తింటా ఉండాడు. పుణ్యమే గదా" అంది మునిరత్నమ్మ, శనివారం తర్వాత మొదటిసారి కాస్త నెమ్మదిగా.

ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. టీ అంగట్లో ఎవరో "ఏందప్పా, మీ తట్టు అంత గోల?" అని అడిగితే శాంతయ్య తాపీగా, "ఏం లేదబ్బా. మా మిద్దె మీద దొర కూర్చోనుండాడు. ఇంక అంతా ఆయనే సూసుకుంటాడు" అన్నాడు. టీ చల్లారేలోగా ఆ మాట వీధి చివరికి చేరింది. మునిరత్నమ్మ గట్టిగా అడిగితే చిత్తూరు నుంచి పెద్ద దొరే దిగినాడట. కొళాయిలో నీళ్ళు రానివాళ్ళు, గుమ్మం ముందు మురుగు నిలిచినవాళ్ళు, వీధిదీపం వెలగనివాళ్ళు అందరూ బయల్దేరారు. ఇడ్లీ గిన్నె చేత్తో పట్టుకుని పంకజాక్షి వాళ్ళందరికీ ముందు నడిచింది.

మిద్దె మెట్లు ఇరుకు. ముందెక్కినవాళ్ళు కుర్చీలో ఉన్నదెవరో చూసి ఆగిపోయారు. వెనకవాళ్ళు దొర వెళ్ళిపోతాడేమోనని నెట్టారు. ఆగినవాళ్ళు, నెట్టినవాళ్ళు కలిసి అప్పడాల మీదికి వచ్చి పడ్డారు. అంచులు ఎండిన అప్పడాలు కాళ్ళకింద కరకరమన్నాయి. మునిరత్నమ్మ నోరు తెరిచింది కాని, ఎవరితో మొదలుపెట్టాలో ఆమెకు వెంటనే తోచలేదు.

అదే సమయానికి దొర దిగాడని వార్డు మనుషులు వీధి మొదట్లో బ్లీచింగ్ పొడి చల్లుతున్నారు. సంగతి చెవిన పడగానే శ్రీనివాసులు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఒక చేతిలో బంతిపూల దండ, మరో చేతిలో నిమ్మకాయతో వచ్చాడు. జనం దారి ఇచ్చారు. కుర్చీ వీపు అతని వైపు ఉంది. దానిపైన నెరిసిన తల ఒకటి కనిపించింది.

"నమస్కారం సార్" అన్నాడు శ్రీనివాసులు వంగి. "కోతుల విషయం నేను శనివారమే సీరియస్‌గా తీసుకున్నా సార్. ఈ అమ్మనే అడగండి."

నెరిసిన తల ఇటు తిరిగింది. దొర మొదట దండ అందుకుని ఒక పువ్వు కొరికి చూశాడు. తర్వాత శ్రీనివాసులు ముక్కు మీది కళ్ళద్దాలు లాక్కుని తన మొహానికి ఆనించుకున్నాడు.

అప్పటికి మునిరత్నమ్మకు దారి దొరికింది.

"ఆ అద్దాలు ఆయనకిచ్చెయ్యి" అంది. దొర ఇచ్చేశాడు. "నువ్వు ఆ మూల కూర్చో." దొర కూర్చున్నాడు. "సారూ, మీరు దిగండి. కొళాయోళ్ళు, మురుగోళ్ళు, అందరూ దిగండి. పంకజాక్షీ, నీకు వేరే చెప్పాల్నా?"

మిద్దె ఖాళీ అయింది. మునిరత్నమ్మ కూర్చుని అప్పడాల తునకలను పంచెలోకి ఎత్తుతూ, ఎవరూ చూడకుండా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెళ్ళి గురువారం. బజారు అప్పడాలు వడ్డిస్తూ వదిన పెట్టే మొహం ఆమెకు అప్పుడే కనిపిస్తోంది. పైగా సాయంత్రం గురప్ప రాలేదు. పుత్తూరులో మామ పోయాడని వెళ్ళాడట, దినాలయ్యేదాకా రాడట.

మర్నాడు తెల్లవారగానే శ్రీనివాసులు ఒక్కడే వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"అమ్మా, ఒక మాట. మా ఆఫీసులోనూ కోతులమ్మా. కిటికీలో నుంచి వచ్చి క్యారియర్లు ఎత్తుకపోతా ఉండాయి. నిన్న మీ మాటకు దొర ఎట్ల లొంగినాడో సూస్తిని. కొన్ని దినాలు ఆయన్ని..."

"కోతులు మీ కిందికి రావు గదా సారూ."

శ్రీనివాసులు తల దించుకున్నాడు. "కిందికి రావమ్మా. మా నెత్తినే ఉండాయి."

మునిరత్నమ్మ అతన్ని కాసేపు అట్లాగే నిలబెట్టింది. "దొర నా మాట తప్ప వినడు. నేనూ రావాల, నా అప్పడాలూ రావాల. మీ ఆఫీసు మిద్దె ఎంత వెడల్పుండాది?"

వెడల్పుగానే ఉంది. ఆమె అప్పటికప్పుడు కొత్తపిండి కలిపి మూడో వాయి వత్తింది. ఆఫీసు మిద్దె మీద పంచె పరుస్తుంటే ఒక కొస శ్రీనివాసులే పట్టుకున్నాడు. దొర కాపలా కూర్చున్నాడు. మే నెల ఎండలో అప్పడాలు సాయంత్రానికే గలగలమన్నాయి. గురువారం పెళ్ళిలో వదిన రెండో అప్పడం విస్తట్లో వడ్డించుకుని, ఇంకొకటి ఉందా అని అడిగింది. మునిరత్నమ్మ నిండుడబ్బాకు మూతపెట్టి, లేదని చెప్పింది.

దినాలయ్యాక గురప్ప వచ్చి తాడు పట్టుకు లాగితే దొర కదల్లేదు, శ్రీనివాసులూ కదలనివ్వలేదు. ఆ తర్వాత ఆ వార్డు ఆఫీసుకు జనం ఏ పూట వెళ్ళినా కుర్చీలో కనిపించినవాడు దొర ఒక్కడే.